ట్యాంకు బోర్డులో కుడివైపు సగం

ఆ ఆదివారం ఉదయానికి హరిబాబు వేసుకున్న పథకంలో ఆందోళన పడవలసినదేదీ లేదు. ఏడున్నరకు కళాశాలకు వెళ్లి బోర్డు ఒకసారి చూసుకోవాలి. ఎనిమిదిన్నరకు ఇంటికి వచ్చి ఉప్మా తిని, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి. పదింటికి కలెక్టరు గారు వచ్చి యుద్ధ ట్యాంకును ఆవిష్కరించే సమయానికి మూడో వరుసలో, షామియానా గుంజ పక్కన, ఎవరి కంటా పడకుండా కూర్చోవాలి.

"మూడు నెలలు రాశారు ఆ బోర్డు. పెళ్లి కుదిరాక నాకు రాసిన ఉత్తరం నాలుగు లైన్లండి" అంది ఆయన భార్య సత్యకుమారి, గుమ్మంలో నిలబడి.

"ఉత్తరంలో తప్పుంటే నువ్వొక్కదానివే చూస్తావు. ఇది ఊరంతా చదువుతుంది" అని హరిబాబు సైకిలు ఎక్కాడు.

సైన్యం సేవనుంచి తప్పించిన రష్యన్ టి-55 ట్యాంకు ఒకటి, 2004 వేసవిలో, రాజమహేంద్రవరానికి పాతిక కిలోమీటర్ల దూరానున్న ఆ డిగ్రీ కళాశాలకు ప్రదర్శన నిమిత్తం చేరింది. ఢిల్లీ దాకా ఉత్తరాలు రాయించి దానిని సాధించినవారు కళాశాల కమిటీ అధ్యక్షులు బుల్లియ్య గారు. పేరులోని బుల్లితనం ఆయన శరీరంలో ఎక్కడా లేదు. ఏది ఇచ్చినా దానిమీద 'దాత' అని తన పేరు రాయించడం ఆయన అలవాటు. బెంచీల మీద, బీరువాల మీద, నీళ్ల కుండ మూత మీద కూడా ఆ పేరుంది. తరగతి గదుల్లో ఫ్యాన్లకు రెక్కకొక ముక్క చొప్పున పేరు రాయించారు. తిరుగుతున్నప్పుడు అది చదవడానికి వీలుకాదు గనుక, ఆయన కళాశాలకు వచ్చిన రోజున ఫ్యాన్లన్నీ ఆపి ఉంచేవారు.

హరిబాబు చరిత్ర అధ్యాపకుడు. వయసు నలభై ఆరు, ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. రష్యన్ ట్యాంకుల గురించి ఇరవయ్యేళ్లుగా చదువుతున్నాడు గాని, ఒక్కదానినీ చేత్తో తాకలేదు. సైన్యం లారీ ట్యాంకును దించిన రోజున కూడా లైబ్రరీ కిటికీలోంచే చూశాడు. బోర్డు బాధ్యత మాత్రం మనస్ఫూర్తిగా తీసుకున్నాడు. ఎడమవైపు ఐదు బలాలు, కుడివైపు ఐదు బలహీనతలు, అడుగున 'రచన: హరిబాబు, చరిత్ర శాఖ'. జీవితంలో ఆయన పేరు అచ్చులో గాని, రంగులో గాని పడటం అదే మొదటిసారి.

కళాశాల చేరేసరికి బోర్డు కుడివైపు సగమంతా నీలంగా ఉంది. పెయింటరు చిట్టియ్య కిరసనాయిలులో కుంచె కడుక్కుంటున్నాడు.

"ఏంటిది చిట్టియ్యా?"

"ప్రెసిడెంటు గారు కొట్టేయమన్నారండి. ఆరింటికే కబురెట్టారండి. రెండో కోటు ఇప్పుడే అయ్యిందండి, చెయ్యెట్టకండి."

అంతలో బుల్లియ్య గారే వచ్చారు. పట్టు పంచె, మెడలో కండువా. "ఏం మాస్టారూ, శుభమా అని ఓపెనింగ్ పెట్టుకుని బలహీనతలేంటండి? మా చేలో మోటారు కొన్నప్పుడు, ఇదెప్పుడు కాలిపోద్దో కంపెనీవాడు రాసిచ్చాడా?"

"మనం ట్యాంకును అమ్మట్లేదు కదండీ. పిల్లలు చదువుకోవాలి."

"చదువుకోడానికి బలాలు చాలవా? ఎత్తు తక్కువ, శత్రువుకి తొందరగా కనపడదు అన్నారు. బాగుంది. బురదలో దిగబడదు అన్నారు. మన గోదావరి జిల్లాలకి అంతకంటే ఏం కావాలి? ఏ మెకానిక్కైనా బాగుచెయ్యగలడన్నారు. ఇన్ని మంచి మాటలు చెప్పి, లోపల ఇరుకు, గొట్టం కిందికి వంగదు అని పక్కనే ఎత్తిపొడుస్తారేంటి?"

"ఆ రెండూ పోయినా పోనివ్వండి. మూడోది ఉంచాలండి. గొట్టం గనక డ్రైవరు మూత మీదికి వస్తే..."

"ఉపన్యాసం సాయంత్రం చెప్పండి. నేనే వచ్చి వింటాను" అని బుల్లియ్య గారు సాగిపోయారు.

హరిబాబు మళ్లీ బోర్డువైపు తిరిగాడు. బలాలు మాత్రమే ఉన్న బోర్డు చరిత్ర కాదు, కరపత్రం. దాని అడుగున తన పేరుంది. ఆ బోర్డును కలెక్టరు గారు చదువుతారు, పత్రికలవాళ్లు ఫోటో తీస్తారు, రేపు ఏ విశ్వవిద్యాలయపు ఆచార్యుడో చూసి నవ్వుతాడు. "పోనీ, నా పేరైనా చెరిపెయ్యి చిట్టియ్యా" అన్నాడు దీనంగా.

"పేరు తియ్యాలన్నా ప్రెసిడెంటు గారే చెప్పాలండి" అన్నాడు చిట్టియ్య, వినయంలో ఏ లోపమూ లేకుండా.

కమిటీకి రాజీనామా ఉత్తరం మనసులో మూడు వాక్యాలదాకా వచ్చింది. నాలుగోది కుదిరేలోగా పూజ మొదలైంది.

కొత్త బండి ఏది వచ్చినా పూజ చేయించకుండా రోడ్డెక్కించని ఊరది. ట్యాంకు రోడ్డెక్కేది కాకపోయినా బండి బండే. పురోహితుడు రెండు గొలుసుపట్టాల ముందూ నిమ్మకాయలు పెట్టించి, ఫిరంగి గొట్టానికి బంతిపూల దండ కట్టించి, పసుపుతో బొట్టు పెట్టించాడు. "డ్రైవరు సీట్లో యజమాని కూర్చోవాలండి. బండి కదిలి నిమ్మకాయలు నలగాలి" అన్నాడు.

"ఇది ముప్పయ్యారు టన్నులండీ. ఇంజను లేదు" అన్నాడు హరిబాబు.

"నిమ్మకాయలు చేత్తో నలిపేద్దాం. యజమాని మాత్రం కూర్చోవాలి."

యజమాని ఎవరన్న ప్రశ్న ఎవరూ అడగలేదు. బుల్లియ్య గారు స్టూలు వేయించుకుని ఎక్కి, ముందుభాగాన ఎడమవైపున్న డ్రైవరు మూతలోంచి చేతులు పైకెత్తుకుని దిగారు. పొట్ట దగ్గర కాసేపు ఆగి, ఊపిరి వదిలి, మిగతాదంతా ఒక్కసారిగా లోపలికి జారారు. పైన తల మాత్రమే కనిపించింది. పురోహితుడు వంగి ఆ తలకు కుంకుమ పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడు ఎవరో గమనించారు: ఫిరంగి గొట్టం సూటిగా వేదిక మీద కలెక్టరు గారి కుర్చీకి గురిపెట్టి ఉంది.

"బాగోదు కదా! ఒరేయ్ లోవరాజూ, పైకెక్కి గొట్టం కాస్త పక్కకి తిప్పరా" అని బుల్లియ్య గారు కూర్చున్నచోటునుంచే ఆజ్ఞాపించారు.

లోవరాజు కళాశాల అటెండరు. గొట్టాన్ని పక్కకు తిప్పే చక్రం ఎలా తిప్పాలో, దానికి నెలనెలా ఎలా నూనె పెట్టాలో సైన్యంవాళ్లు అతనికి నేర్పి వెళ్లారు. వాళ్లిచ్చిన నూనె డబ్బా కాస్తా కళాశాల గేటు కీచుమంటోందని గేటుకు ఖర్చయిపోయింది. లోవరాజు లోపలికి దిగి చక్రం తిప్పాడు. దండ ఊగుతూ గొట్టం ఎడమకు జరిగింది. పదకొండో చుట్టు దగ్గర చక్రం కిర్రుమని బిగుసుకుపోయింది. గొట్టం సరిగ్గా డ్రైవరు మూత మీద, బుల్లియ్య గారి నడినెత్తికి జానెడు ఎత్తున ఆగింది.

"చాలురా, చాలు. ఇంక లేస్తాను" అని ఆయన లేవబోయారు. గొట్టానికి తల టంగుమని తగిలింది. కుంకుమ రాలింది. "తియ్యరా ఇది!"

"రావట్లేదండి."

"రాకపోతే అటే పోనియ్యి!"

"పోవట్లేదు కూడానండి."

టైము తొమ్మిదీ ఇరవై. గొట్టం ఇప్పుడు ప్రిన్సిపాలు గారి కుర్చీవైపు చూస్తోంది. ఆయన ఎవరికీ చెప్పకుండా కుర్చీ మార్చుకున్నారు. ఎనిమిదిమంది విద్యార్థులు గొట్టాన్ని పట్టుకుని తోశారు. అది కదలలేదు గాని దండ తెగింది. బుల్లియ్య గారి భార్య లోవమ్మ గారు ఆడవాళ్ల వరుసలోంచి లేచి వచ్చి, "పొద్దుట్నించి టిఫిను ముట్టలేదండి ఈయన" అని సందులోంచి రెండు పెసరట్లు అందించారు.

"ఇంకా ఎక్కువ పెట్టకండమ్మా, ముందు బయటికి రావాలి" అని పురోహితుడు బతిమాలాడు.

"అన్నం మానేస్తే గొట్టం జరుగుద్దాండి?" అని ఆవిడ కొబ్బరిబొండాం కూడా అందించారు.

ట్యాంకు అడుగున, డ్రైవరు సీటు వెనక, అత్యవసరంగా బయటపడటానికి ఒక తలుపుందని హరిబాబు చెప్పాడు. బోర్డులో నాలుగో బలం అది. లోవరాజు బోర్లా పడుకుని చూసి వచ్చాడు. నేలకూ ట్యాంకుకూ మధ్య ఒకటిన్నర అడుగు ఖాళీ ఉంది. అందరూ ఒకసారి బుల్లియ్య గారిని తలుచుకుని ఆ బలాన్ని అక్కడే విడిచిపెట్టారు. లోపలినుంచి పైమూతదాకా పాకే సందు అంతకంటే ఇరుకు.

గాలి ఆడని ఇనుపగదిలో బుల్లియ్య గారి గొంతు క్రమంగా సన్నబడింది. "మాస్టారూ... ఉన్నారా?"

"ఉన్నానండి."

"ఆ మూడోది... ఏదో చెప్పబోయారు పొద్దున్న."

"గొట్టం డ్రైవరు మూత మీదికి వస్తే డ్రైవరు బయటికి రాలేడండి. అదే మూడో బలహీనత."

లోపల బొండాం పీల్చిన చప్పుడు వినిపించింది. "దానికి మందుందా?"

"ఉందండి. పక్కకి రాకపోతే పైకెత్తాలి. లోపల ఇంకో చక్రం ఉంటుంది. ముందు పైకప్పుకి గొట్టాన్ని పట్టి ఉంచే కొక్కెం విప్పాలి. ప్రయాణంలో ఊగకుండా పెడతారండి."

"నాకు ఒక చక్రమే చూపించారండి. నేను వేరేదేదీ ముట్టను" అన్నాడు లోవరాజు.

అందరూ హరిబాబువైపు చూశారు. ఇరవయ్యేళ్లలో అంతమంది ఆయనను ఒకేసారి చూడలేదు. ఆయన చెప్పులు విడిచి, కళ్లద్దాలు సరిచేసుకుని, ట్యాంకు ఎక్కి, పైమూతలోంచి దిగాడు. ఎక్కడా తగలలేదు. పొట్టివాళ్లను ఏరి ఇందులో కూర్చోబెట్టేవారని తానే రాసిన వాక్యం గుర్తొచ్చింది. సీటు, మోకాలు, మోచెయ్యి, చక్రం, అన్నీ ఆయన కొలతకు కుట్టించినట్టున్నాయి. బల్ల వెనక నిలబడితే వెనకవరుసకు కనిపించని మనిషి, జీవితంలో మొదటిసారి సరైన పరిమాణంలో ఉన్నాడు.

కొక్కెం పుస్తకంలో చెప్పినచోటే ఉంది. విప్పాడు. కుడిచేతి చక్రం పట్టుకుని తిప్పాడు. మొదట మొరాయించి, తరువాత తిరిగింది.

సరిగ్గా అప్పుడే కలెక్టరమ్మ గారి కారు గేటులోకి వచ్చింది. నూనె పుణ్యమా అని గేటు కీచుమనలేదు, ఎవరికీ తెలియలేదు. ఆవిడ కారు దిగేసరికి ఫిరంగి గొట్టం మెల్లగా, గంభీరంగా ఆకాశంవైపు లేచింది. దాని కిందినుంచి, చెదిరిన కుంకుమతో, చేతిలో బొండాంతో బుల్లియ్య గారు నడుందాకా ఉదయించారు.

"గన్ సెల్యూట్! చాలా బాగా ప్లాన్ చేశారండీ" అని కలెక్టరమ్మ గారు చప్పట్లు కొట్టారు. ఊరంతా ఊపిరి పీల్చుకుని, ఆవిడకంటే గట్టిగా కొట్టింది. ఆ చప్పట్ల చాటున నలుగురు బుల్లియ్య గారి చంకల్లో చేతులు వేసి నేలకు దించారు.

ఆవిడ బోర్డు ముందు ఆగారు. ఎడమవైపంతా చదివారు. "బలాలు బాగున్నాయి. ఇటువైపు ఖాళీ ఏంటండీ? దీనికి బలహీనతలేమీ లేవా?"

హరిబాబు అప్పుడే ట్యాంకు దిగి వస్తున్నాడు. అడుగున ఉన్న పేరు తనది. నోరు తెరిచేలోగా బుల్లియ్య గారే ముందుకు వచ్చారు.

"ఎందుకుండవు మేడమ్? ఉన్నాయండి. ఇప్పుడే స్వయంగా పరిశీలించి వచ్చాను. మా మాస్టారు అన్నీ రాశారు. చిట్టియ్యా! ఏవిరా అవి?"

"కింద ఉన్నాయండి" అన్నాడు చిట్టియ్య. కిరసనాయిలు గుడ్డ తెచ్చి, ఇంకా ఆరని నీలాన్ని ఒక్కో వరుసే తుడిచాడు. ఒకటి, రెండు, మూడు, ఎండిన తెల్లని అక్షరాలు చెక్కుచెదరకుండా బయటికి వచ్చాయి. కలెక్టరమ్మ గారు మూడోదాన్ని రెండుసార్లు చదివి, గొట్టంవైపు చూసి, బుల్లియ్య గారి నెత్తిన లేస్తున్న బొప్పివైపు చూసి, మర్యాదగా నాలుగోదానికి వెళ్లారు. ఆ రోజున నిజంగా ఆవిష్కరణ జరిగింది ఆ కుడివైపు సగానికే.

ఇంటికి వచ్చేసరికి ఉప్మా చల్లారిపోయింది. "లోపల మరీ ఇరుకటండీ?" అని అడిగింది సత్యకుమారి.

"మన ఇంట్లో కుర్చీలకంటే సరిపోయింది" అన్నాడు హరిబాబు. మనసులోని రాజీనామా ఉత్తరం ఎక్కడిదాకా వచ్చిందో గుర్తు లేదు. చల్లని ఉప్మా రెండుసార్లు పెట్టించుకున్నాడు.

వారం తరువాత బోర్డు కుడివైపున ఆరో వాక్యం చేరింది: 'భారీకాయులు డ్రైవరు సీటులో కూర్చొనరాదు.' దాని కింద చిన్న అక్షరాలలో, 'దాత: శ్రీ బుల్లియ్య గారు.'