పచ్చచుక్క చూపిన తలుపు

పొద్దున్నే మరదలు వేసుకున్న పథకం చాలా చిన్నది. బావను తను పనిచేసే కంటిచూపు ప్రయోగశాలకు తీసుకెళ్ళాలి, చూపు కదలని రికార్డు ఒక్కటి తీసి అక్కడి పెద్ద మేడమ్ చేతిలో పెట్టాలి. కుదిరితే ఆమె తాత్కాలిక ఉద్యోగం ఖాయమవుతుంది, లేకపోతే ఈ రోజుతో సరి. బావ బస్సు డ్రైవరు, రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. "కూర్చోవడమేగా, దానికేం భాగ్యం!" అన్నాడు.

ఆ గదికి కిటికీ లేదు. మరదలు బావ గడ్డాన్ని చట్రం మీద ఆనించి, దీపం ఆర్పి, పక్కనే తన తెర ముందు కూర్చుంది. ఇద్దరి తెరల మీదా నడుమ ఒక కూడిక గుర్తు. బల్ల మీది చిన్న కెమెరా కళ్ళను కనిపెడుతుంది; బావ చూపు ఎటు పోతే ఆమె తెర మీద పచ్చచుక్క అటు పోతుంది.

"గుర్తునే చూడు బావా. మనసు ఎటు పోయినా సరే, కన్ను మాత్రం పోకూడదు."

చుక్క కాసేపు బుద్ధిగానే ఉంది. అంతలో ఎడమవైపు స్టోరుగది తలుపు కిర్రుమంది. చుక్క చటుక్కున అటు దూకింది.

"అటు చూస్తున్నావేం బావా?"

"ఊఁ."

"అక్కడెవరైనా ఉన్నారా?"

"ఊఁ."

మరదలు భయంగా తలుపు వైపు ఓరగా చూసింది. చుక్క కూడా వెళ్ళి చూసొచ్చింది.

"ఆడమనిషా?"

"ఊఁ."

"దగ్గరికొస్తోందా?"

జవాబుగా సన్నగా ఈల లాంటి చప్పుడు వినిపించింది. చుక్క పిచ్చెత్తినట్టు తలుపు వైపుకీ గుర్తుకీ మధ్య ఎగురుతోంది. మరదలు కెవ్వుమంది.

మేడమ్ పరుగున వచ్చి దీపం వేసింది. బావ చట్రం మీద గడ్డం ఆనించి హాయిగా గురకపెడుతున్నాడు. పొద్దున బల్ల తుడిచినప్పుడు ఎవరో తిప్పేసినట్టున్నారు, కెమెరా మరదలి మొహానికే గురిపెట్టి ఉంది. ఇంతసేపూ పరుగులు పెట్టింది ఆమె కళ్ళే! పాపం, సిగ్గుతో చచ్చిపోయింది. ఉద్యోగం పోయినట్టే అనుకుంది.

రికార్డు చూసిన మేడమ్ మాత్రం మురిసిపోయింది.

"భలే ఉందే! భయం ఎటుంటే చూపూ అటే. చూడకూడదని అందరికీ చెప్పేదానివి, నువ్వే ఆపుకోలేకపోయావ్. ఇంత చక్కగా ఎప్పుడూ దొరకలేదమ్మాయ్! నీ ఉద్యోగం ఖాయం."

కెమెరా సరిచేశారు. బావ చేత మొహం కడిగించి మళ్ళీ కూర్చోబెట్టారు. ఈసారి దీపం ఆర్పే ధైర్యం ఎవరికీ లేదు. బావ కళ్ళు పత్తికాయల్లా చేసుకుని గుర్తునే చూస్తున్నాడు. పచ్చచుక్క మెల్లగా ఎడమవైపుకు జరిగింది.

"అటు చూడకండి" అంది మేడమ్.

"నేను చూడట్లేదండీ" అన్నాడు బావ. "ఆ తలుపు దగ్గరున్నావిడే చూడమంటోంది."

మరదలి ఉద్యోగం ఆ రోజే ఖాయమైంది, అదే గదిలో, ఆ తలుపు పక్కనే.