పక్కగది సెషన్‌కు జేజేలు

కోడ్ ఎడిటర్ దారితప్పి మరొకరి సెషన్‌కు తగులుకోవడాన్ని లోపమంటున్నారే, అది వరమండీ బాబూ! నమ్మకపోతే మా అక్కాబావల సంగతి వినండి.

ఇద్దరూ ఒకే ఆఫీసుకు ఇంటి నుంచి కోడ్ రాస్తారు, చెరో గదిలో. మొన్నామధ్య మీటింగ్‌లో బావ అందరి ముందూ, "ఈ పని మా ఆవిడకిస్తే వచ్చే ఏడాదికి తేలుతుంది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ పనికి మూలమైన కోడ్ రాసింది అక్కే! అంతే, ఇంట్లో మాటలు బంద్. ఒకే బల్ల దగ్గర తింటూ, ఉప్పు కావాలన్నా ఎవరికి వారే లేచి తెచ్చుకున్నారు.

ఇక్కడో రహస్యం. మనం టైపు చేసే ఎడిటర్‌కు లెక్కలు రావు! లెక్కలు చేసే సెషన్ వేరే, ఎక్కడో ఆఫీసు సర్వర్‌లో కూర్చుని ఉంటుంది. ఎడిటర్ తెరచాటుగా ఒక్కో లైనూ దానికి మోసుకెళ్లి జవాబు పట్టుకొస్తుంది. ఒకే సెషన్‌కు రెండు ఎడిటర్లు తగిలించినా అది కాదనదు. ఒకరు అంకె మారిస్తే ఇద్దరికీ మారుతుంది, ఎవరు అడిగినా జవాబు ఇద్దరికీ చూపిస్తుంది. ఎంత పెద్దమనసు! ఎడిటర్ మాత్రం "కనెక్టెడ్" అని మురిసిపోతుందే తప్ప, ఎవరి సెషన్‌కో చెప్పదు. చెబితే ఇంత మేలు జరిగేదా?

కోపంలో ఉన్న అక్క, ఎడిటర్ చూపిన జాబితాలో పైనున్న సెషన్‌ను ఎవరిదో చూడకుండా నొక్కేసింది. అది బావది. ఆమె తన లెక్కలోని ధరలు మార్చి నడిపినప్పుడల్లా పక్కగదిలో బావగారి మొత్తాలు గంతులేశాయి. ఆయన తల గోక్కుని, తన కోడ్‌ను తనే తిట్టుకుని, చివరకు ఆ సెషన్‌లోనే ఒక లైను రాసి నడిపాడు: "ఎవరది?"

అది అక్క తెర మీద తేలింది. ఆమెకు సంగతి బోధపడింది. "వచ్చే ఏడాదికి తేలే మనిషిని" అని నడిపింది.

తర్వాత బావ లైను వచ్చింది. "తప్పు నాదే. ఎదురుగా చెప్పడానికి ముఖం చెల్లలేదు."

"ఇప్పుడెలా చెల్లింది?" అని అక్క అడిగింది.

"ఇక్కడ ముఖం కనబడదుగా."

అక్క పకపకా నవ్వింది. గోడ అవతల నుంచీ నవ్వు వినిపించింది. మర్నాడు మీటింగ్‌లో ఆ కోడ్ ఎవరిదో బావ అందరికీ విప్పి చెప్పాడు.

ఇంత చక్కని వరాన్ని ఆఫీసువాళ్లు సరిచేసి పారేశారు! ఇప్పుడు ఎవరి సెషన్‌కు వారి తాళం. నిన్న వాళ్లిద్దరికీ మళ్లీ మాటామాటా వచ్చిందట. అక్క నాకు ఫోన్ చేసి, బావకు కనెక్ట్ కావాలంటే ఇక ఏ బటన్ నొక్కాలని దిగులుగా అడిగింది.

"బటనేం లేదక్కా. వెళ్లి తలుపు కొట్టు" అన్నాను.

"అంత పాత పద్ధతా?" అంది అక్క.