"ఆపు" అనే మాటకు అనుమతి

మనిషి నోటికి తెలిసిన మాటల్లో "ఆపు" అన్నంత ప్రమాదకరమైనది ఇంకొకటి లేదని మా అపార్ట్‌మెంటు సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. తరతరాలుగా జనం ఈ మాటను ఎవరినీ అడగకుండా, ఎప్పుడు పడితే అప్పుడు, గొంతు చించుకుని వాడుతూ వచ్చారు. ఆ అరాచకానికి మా భవనంలో తెర పడింది. ఇప్పుడు మా పార్కింగులో ఒకరు ఇంకొకరికి ఏదైనా చెప్పి చేయించాలంటే ముందుగా "సామరస్యం" అనే యాప్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి.

ఈ సంస్కరణ వెనక ఒక బాధ ఉంది. సంఘం అధ్యక్షులవారు మూడో అంతస్తులో ఉంటారు. ఆదివారాలు కిటికీ తీసి పాడతారు. ఒకసారి ఆయన పాట మంచి పట్టులో ఉండగా, కింద ఎవరో కారు వెనక్కి తీస్తుంటే ఇంకెవరో "ఆపండి బాబూ, ఇక చాలు!" అని అరిచారు. అధ్యక్షులవారు ఆపారు. ఆ మాట అన్నది కారు నడిపే ఆయన్నని తర్వాత సాక్షులతో సహా వెళ్ళి వివరించారు. ఆయన నమ్మినట్టే కనిపించారు. ఆ వారమే శబ్ద, ఆజ్ఞా, సంచార ఉపసంఘం పుట్టింది. (సభ్యులు ముగ్గురు. ముగ్గురూ ఆయన పాట బాగుంటుందని రాసిచ్చినవారే.)

నాకు ఈ సంస్కరణతో పేచీ ఏమీ లేదు. నాకున్నదల్లా ఒక పాత మినీవ్యాన్. మా ఆయన పోయాక వ్యాన్ నా చేతికి వచ్చింది, ఆయన నోరు ఆయన తోబుట్టువుకి వెళ్ళింది. ఆ వ్యాన్‌లో మా భవనం పిల్లల్ని రోజూ బడికి తీసుకెళ్ళి తీసుకొస్తాను. మా ఆడపడుచు నా పక్కన కూర్చుని, కిటికీల్లోంచి చేతులు బయటపెట్టే పిల్లల్ని కసురుతుంది. మేమిద్దరం ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటాం. ఇద్దరి ఇల్లూ గడిచేది ఆ వ్యాన్ మీదే.

కొన్నాళ్ళుగా గేరు మారినప్పుడల్లా వెనక నుంచి ఎవరో తన్నినట్టు బండి కుదిపేది. ఒకరోజు నాలుగు రోడ్ల మధ్యలో మొరాయించింది. బడి పెద్ద టీచరుగారు నన్ను పిలిపించి, కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ చెప్పారు. "ఇంకొక్కసారి మీ వ్యాన్ వల్ల పిల్లలకి ఆలస్యమైతే, ఈ పని వ్యాన్ల కంపెనీకి ఇచ్చేస్తామమ్మా."

వర్క్‌షాపులో వదిలితే వారం అన్నారు. వారం బండి లేకపోతే ఆ కుర్చీలో మళ్ళీ కూర్చోవాల్సిందే. గేర్‌బాక్స్ ఆయిల్ మా ఆయన ఇంటి దగ్గరే మార్చేవాడు, బకెట్ దగ్గర నేను కూర్చునేదాన్ని. కష్టమైన పనేమీ కాదు. గేర్‌బాక్స్‌లో కాగిన ఆయిల్ చల్లబడడానికి ఒక పైపులో రేడియేటర్‌కి పోయి, ఇంకో పైపులో తిరిగొస్తుంది. ఆ తిరిగొచ్చే దారిలో పైపు ఊడదీసి, ఒక గొట్టం తగిలించి బకెట్లోకి వదిలి, ఇంజను వేస్తే చాలు. గేర్‌బాక్స్ తన పాత ఆయిల్‌ని తానే కక్కేస్తుంది. బకెట్లో గీసుకున్న గీత దాకా రాగానే ఇంజను ఆపి, అంతే కొలతలో కొత్త ఆయిల్ పోసి, మళ్ళీ ఇంజను వేయాలి. నల్లది పోయి ఎర్రది వచ్చేదాకా ఇదే వరస. గీత దాటాక కూడా ఇంజను తిరిగితే గేర్‌బాక్స్ ఎండిపోయి గుడ్లు తేలేస్తుంది. అందుకని తాళం దగ్గర ఒకరు, బకెట్ దగ్గర ఒకరు ఉండాలి. బకెట్ దగ్గరి మనిషి తాళం దగ్గరి మనిషితో సమయానికి ఒకే ఒక్క మాట అనాలి.

ఆ మాటేమిటో చదివేవారికి ఈపాటికి తెలిసే ఉంటుంది.

ముందుగానే యాప్‌లో దరఖాస్తు పెట్టాం. అందులో మాటలన్నిటికీ తరగతులున్నాయి. "జాగ్రత్త"కు రెండు పనిదినాలు పడుతుంది. "పక్కకు జరుగు"కు, జరగబోయే మనిషి సమ్మతి జతచేయాలి. "అయ్యో"కి అనుమతి అక్కర్లేదు, దానివల్ల ఎవరూ ఏమీ చేయరు కనుక. "ఆపు"ది అన్నిటికన్నా పై తరగతి. ఆజ్ఞాపించువారు ఎవరు అని అడిగితే వదిన అని రాశాం. స్వీకరించువారు ఎవరు అని అడిగితే అక్కడా వదిన అనే రాశాం. (తనకు తాను ఆజ్ఞ ఇచ్చుకునేవారికి అనుమతి అవసరమా అని ఉపసంఘం ఒక పూటంతా చర్చించిందని తర్వాత తెలిసింది.) ఆదివారం వచ్చినా దరఖాస్తు పరిశీలనలోనే ఉంది. తెల్లారితే బడి.

మేము బానెట్ ఎత్తేసరికి వాచ్‌మన్ ఫోను పట్టుకుని వచ్చాడు.

"అమ్మా, మాటకి అనుమతి వచ్చిందా?"

"రాలేదు. సైగలతో కానిచ్చుకుంటాంలే," అంది మా ఆడపడుచు.

"సైగల మీద ఇంకా ఏమీ తేల్చలేదమ్మా."

"తేల్చినా ఏం లాభం, బానెట్ అడ్డం. నేను ఇక్కడ గంతులేసినా ఈవిడకి కనపడదు."

అతను మంచివాడు. కాసేపు ఆలోచించి, "యాప్‌లో అత్యవసరం అని ఒకటుందమ్మా. నొక్కితే వెంటనే చూస్తారంట," అన్నాడు.

"వెంటనే అంటే?"

"అది రాయలేదమ్మా."

పైన కిటికీ తెరుచుకుంది. పాట మొదలైంది. నేను తాళం తిప్పాను. గొట్టంలోంచి మాడిపోయిన కషాయంలాంటి ఆయిల్ బకెట్లో పడసాగింది.

"ఎంతొచ్చింది వదినా?" అన్నాను సీట్లోంచి.

"సగం."

"సగం అనొచ్చా అమ్మా?" అని వాచ్‌మన్ సందేహపడ్డాడు.

"అది కబురు, ఆజ్ఞ కాదు. నువ్వు నోరు మూసుకో."

"నోరు మూసుకో మాత్రం ఆజ్ఞేనమ్మా," అని అతను నొచ్చుకున్నాడు.

ఆయిల్ గీతకు దగ్గరపడుతుండగా ఆమె అత్యవసరం నొక్కింది. ఓటీపీ పంపామని యాప్ చెప్పింది. ఓటీపీ రాలేదు. మా పార్కింగులో సంఘం వైఫై ఉంటుంది, ఫోను సిగ్నల్ ఉండదు.

"మెట్లెక్కితే వస్తుందమ్మా."

"నేను మెట్లెక్కితే బకెట్ ఎవరు చూస్తారు, మీ తాతా?"

"నేను చూస్తానమ్మా. కానీ చూసింది చెప్పకూడదు."

ఈ చర్చ సాగుతుండగా ఆయిల్ గీత దాటింది. గేర్‌బాక్స్ లోపల ఏదో మూలిగింది. ఆ మూలుగు నాకు వినపడకముందే మా ఆడపడుచు గొంతు భవనమంతా మోగింది.

"ఆపు! ఇక ఆపేయ్! ప్రాణం పోతోంది!"

నేను తాళం తిప్పేశాను. పైన పాట కూడా ఆగిపోయింది. (ఒక ఆజ్ఞకు ఒకే స్వీకర్త ఉండాలని నిబంధన. మా మీద నమోదైన మొదటి అభియోగం ఇద్దరిని ఆపడం.)

గేర్‌బాక్స్ బతికింది. కొత్త ఆయిల్ పోస్తుంటే మాకు "అయ్యో" గుర్తొచ్చింది. ముందే తట్టి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. మిగతా విడతలన్నీ చట్టబద్ధంగా "అయ్యో"తోనే ముగించాం. పైన అధ్యక్షులవారు పట్టుదలగా మళ్ళీ పాట అందుకున్నారు. ఆయన ఒక చరణం పూర్తి చేసేలోపు కింద నుంచి "అయ్యో!" అని వినిపించేది. ఇంకొంచెం గొంతు పెంచేవారు. "అయ్యయ్యో!" అని వినిపించేది. మధ్యాహ్నానికి జనం బాల్కనీల్లోకి వచ్చి మూడో అంతస్తు వైపు జాలిగా చూశారు.

చివరికి గొట్టంలో ఎర్రటి ఆయిల్ వచ్చింది. పైపు తగిలించి, క్లిప్పు బిగించి, పార్కింగులోనే ఒక చుట్టు తిప్పి చూశాను. గేరు మారినట్టే తెలియలేదు. మా ఆడపడుచు ఏమీ మాట్లాడలేదు. ఆమె సంతోషాన్ని అలాగే గుర్తుపట్టాలి.

సోమవారం పొద్దున పిల్లలంతా ఎక్కారు. గేటు దగ్గరికి వచ్చేసరికి అడ్డకర్ర లేవలేదు. ఫోను మోగింది. "మీ 'ఆపు' అభ్యర్థన ఆమోదించబడినది. సదరు వాహనం తక్షణం ఆపబడినది. సహకారానికి కృతజ్ఞతలు."

"కర్ర ఎత్తవయ్యా, ఆలస్యమవుతోంది," అన్నాను వాచ్‌మన్‌తో.

"యాప్ చెబితేనే లేస్తుందమ్మా. రికార్డులో మీ బండి ఆగి ఉంది."

"ఇంజను నడుస్తోంది కదయ్యా, వినపడట్లేదా?"

"వినపడుతోందమ్మా. అది మీ సొంత విషయం."

అధ్యక్షులవారు కిందికి దిగివచ్చారు. "చూశారా, పట్టుబట్టి మీ పని చేయించాను," అన్నారు.

"మాకిప్పుడు ఆగడం వద్దండీ, వెళ్ళాలి."

"దానికేం, 'పోనివ్వు'కి దరఖాస్తు పెట్టుకోండి. పరిశీలిస్తాం."

"మీ మనవరాలు కూడా లోపలే ఉందండీ."

ఆయన మనవరాలి వైపు చూశారు, కర్ర వైపు చూశారు. చాలాసేపు ఆలోచించి, "దిగమ్మా," అన్నారు. "దిగు" అనడానికి అనుమతి ఉందా అని మా ఆడపడుచు అడిగింది. (అధ్యక్షులకు మినహాయింపు ఉందట.) ఆమె పిల్లలందర్నీ వెంటబెట్టుకుని బడికి నడిపించుకుపోయింది. చేరేసరికి రెండో గంట కూడా కొట్టేశారు. పెద్ద టీచరుగారు మాట తప్పే మనిషి కాదు. ఈసారి కూడా నాకు కుర్చీ వేశారు.

"పోనివ్వు" ఇంకా పరిశీలనలో ఉంది. బండి పాడవకుండా రోజూ పొద్దున్నే ఇంజను వేసి, కాస్త ముందుకు, కాస్త వెనక్కి నడుపుతున్నాను. గేరు అద్భుతంగా పడుతోంది. పిల్లల్ని ఇప్పుడు కంపెనీ వ్యాన్ తీసుకెళ్తోంది. గేరు మారినప్పుడల్లా అది ఎవరో తన్నినట్టు కుదుపుతోందట, అప్పుడప్పుడు నడిరోడ్డు మీద నిలబడిపోతోందట. రికార్డులో మాత్రం అది ఇంతవరకు ఎక్కడా ఆగలేదు.