చొక్కా లెక్క

ఆ ఉదయం కండక్టరుగారి పథకం చాలా చిన్నది. ఫలహారం అయ్యేలోగా మూడు దేశాల డబ్బు భార్యకు నేర్పేయాలి. ముప్పై ఏళ్ళు బస్సులో చిల్లర పంచి నిరుడు రిటైరైన మనిషి. డబ్బు విషయంలో తనను మించినవాడు లేడని ఆయన నమ్మకం. ఆ మూడు దేశాల ప్రయాణం మాత్రం ఆయన డబ్బుతో కాదు. భార్య టైలరమ్మ ఆరేళ్ళు ఊళ్ళోవాళ్ళ చొక్కాలు కుట్టి దాచిన డబ్బుతో.

వారంలో బయల్దేరాలి. అడ్డం ఒక్కటే, ఆమె తమ్ముడు. బ్యాంకులో క్యాషియరు. ఆ నోట్లు నీకు తెలియవు, మోసపోతావు, సంచీ నాకిస్తే నేనూ వస్తానని నెలరోజులుగా చెవిలో జోరీగ. వచ్చేవాడు తన ఖర్చుతో రాడు. వస్తే ఎక్కడ తినాలో, ఏం చూడాలో అతనే చెబుతాడు. జన్మలో మొదటిసారి తన ఇష్టానికి తిరుగుదామనుకుంది ఆమె. ఆ మధ్యాహ్నమే పరీక్ష పెడతానన్నాడు తమ్ముడు. తప్పితే సంచీ అతనిది.

ముందే మార్చి తెచ్చిన నోట్లను కండక్టరు కత్తిరింపు బల్ల మీద మూడు కుప్పలు పోశాడు. మొదటి దేశంలో వాళ్ళది ఒకటి మనకు ఇరవై నాలుగు. రెండోచోట మనది ఒకటి వాళ్ళకు రెండు వందలు. మూడోచోట వాళ్ళది ఒకటి మనకు మూడు. ఆమె రెండుసార్లు విని, ఇలా చెబితే గుర్తుండదంది. చిల్లర లేనప్పుడల్లా టికెట్టు వెనక బాకీ రాసిచ్చిన చెయ్యి ఆయనది. చెవి మీది బాల్‌పెన్ను తీసి ప్రతి నోటు వెనకా దాని విలువ మన డబ్బులో రాసుకుంటూ పోయాడు. అరవై రెండు నోట్లు. కింద పొట్టి సంతకం కూడా.

టీవీలో రేటు మారిందంటే కొట్టేసి మళ్ళీ రాశాడు. అరగంటకు పాత రేటే వచ్చింది. మళ్ళీ కొట్టేశాడు.

ఈ ఘనకార్యం ఫోన్లో బావమరిదికి చెప్పకుండా ఉండలేకపోయాడు. అవతలి నుంచి అతను, "రాతలున్న నోటు అక్కడ ఎవడూ ముట్టుకోడు బావా. వస్తున్నా, సంచీ సర్ది ఉంచు" అన్నాడు.

ఇక చెరపడం మొదలైంది. మిషను నూనె మరకలు తీయడానికి ఆమె దాచుకున్న మందు నోట్ల మీద పోశాడు. అంకెలు పోలేదు, పాకాయి. సబ్బుతో ఉతికి, మిషను పైన తీగ కట్టి క్లిప్పులతో ఆరేశాడు. ఆరే ఓపిక లేక ఇస్త్రీపెట్టె పెట్టాడు. మూడో దేశంవాళ్ళు నోట్లు ప్లాస్టిక్కుతో చేస్తారని పెట్టె ఆనించాక తెలిసింది. వంద నోటు ఎండుటాకులా ముడుచుకుపోయింది.

"చొక్కా పోయింది" అంది ఆమె.

ఏ చొక్కా అని ఆయన తీగ వైపు చూశాడు.

క్యాషియరు వచ్చి, తీగ మీద ఆరుతున్న డబ్బు చూసి నవ్వను కూడా నవ్వలేదు. కూర్చుని, ఖాళీ సంచీ తన ఒళ్ళోకి లాక్కున్నాడు. రెండో దేశంలో గది అద్దె రాత్రికి ఆరు లక్షలు, మన డబ్బులో ఎంతని అడిగాడు. ఆమె నోరు తెరిచేలోగా ఫోన్లో తనే లెక్క నొక్కాడు.

"ముప్పై వేలు. నీవల్ల కాదక్కా. ముగ్గురం ఒకే గదిలో సర్దుకుందాం."

ఆమె కాలరు తిప్పి కుడుతోంది. తల ఎత్తలేదు. "పది చొక్కాలు."

"డబ్బు అడిగితే చొక్కాలంటావేంటి?"

"చొక్కా కుట్టుకూలి మూడు వందలు. పది చొక్కాలు, మూడు వేలు. సున్నా ఎక్కువ పెట్టావు, చూసుకో."

చూసుకున్నాడు. మళ్ళీ చూసుకుని ఫోను పాతదన్నాడు. ఆమె మిషను ఆపకుండానే మిగతాదీ చెప్పింది. మొదటి దేశపు వంద ఎనిమిది చొక్కాలు. రెండో దేశపు యాభై వేలు కాలరూ గుండీలూ లేని చొక్కా. మూడో దేశపు వంద సరిగ్గా ఒకటి, ఇందాక మీ బావ కాల్చింది. కట్టలు లెక్కపెట్టేవాడికి డబ్బు తెలుసనుకోవడం మన మూఢనమ్మకం. దాన్ని వీపు వంచి సంపాదించినవాళ్ళకే దాని కొలత తెలుస్తుంది.

"సంచీ ఇటివ్వు" అంది. ఇచ్చాడు.

ఉతికిన నోట్లను డబ్బు మార్చే దుకాణంవాళ్ళు ముక్కు మూసుకుని, కోత వేసి తీసుకున్నారు. కాలినదానితో కలిపి పదకొండు చొక్కాల నష్టం. అది ఎవరి ఖాతాలో పడాలో ఆమె ఎవరినీ అడగలేదు.

విమానంలో కూర్చున్నాక, చేతిఖర్చుకు కాస్త డబ్బు ఇమ్మని కండక్టరు నెమ్మదిగా అడిగాడు. ఆమె ఆయన చెవి మీది పెన్ను తీసుకుంది. ఆయన టికెట్టు తిరగేసి, వెనక రెండు వందలని రాసి, కింద పొట్టి సంతకం పెట్టి చేతికిచ్చింది.

"చిల్లర లేదండీ. దిగేటప్పుడు అడగండి."

ఆ మాట విన్నవాళ్ళలో ఎంతమందికి చిల్లర తిరిగొచ్చిందో ఆయన కంటే బాగా తెలిసినవాడు ఆ విమానంలో లేడు.