రిమోట్ పరీక్షలో నెగ్గిన ప్రకటన

ఈడొచ్చిన పిల్లలకు లైంగిక ఆరోగ్యం గురించి టీవీలో నిర్మొహమాటంగా చెప్పాలని ఆరోగ్య శాఖ నిర్ణయించింది. నిర్మొహమాటం ఎంతవరకు ఉండాలో తేల్చడానికి ఒక కమిటీని కూడా వేసింది.

కమిటీ పెద్దలందరూ పిల్లల తండ్రులే కావడం ప్రజల అదృష్టం. వారొక శాస్త్రీయ పరీక్ష కనిపెట్టారు. ప్రకటన నడుస్తుంటే సభ్యులు తలా ఒక రిమోట్ పట్టుకుని, ఇంట్లో పిల్లల మధ్య కూర్చున్నట్టే కూర్చుంటారు. ఎవరి వేలు ఎక్కడ ఛానల్ మార్చే మీట మీదకు పోతే అక్కడ కత్తిరింపు.

ప్రకటనకు గొంతు ఇచ్చింది టీవీలో వార్తలు చదివే ఆయన. భార్య పోయాక కూతురికి జడ వేయడం దాకా అన్నీ నేర్చుకున్నాడు. ఈమధ్య ఆ పిల్ల కడుపునొప్పని బడి మానేసి గోడవైపు తిరిగి పడుకున్న రోజున మాత్రం, తల్లి చెప్పవలసిన మాటలు అతని నోట రాలేదు. వేడినీళ్ల సీసా పక్కన పెట్టి, తలుపు దగ్గరగా వేసి వచ్చేశాడు. అందుకే ఆరోగ్య శాఖ డాక్టరమ్మ రాసిన ప్రకటన చేతికి రాగానే ప్రాణం లేచివచ్చింది. నెలసరి ఎందుకు వస్తుందో, ఒంట్లో మార్పులకు ఎందుకు భయపడనక్కర్లేదో, ఇష్టం లేనప్పుడు వద్దనడం ఎలాగో అన్నీ అందులో ఉన్నాయి. ఇంట్లో చెప్పలేనిది ఊరందరితో పాటు చెప్పేస్తే ఓ పనైపోతుందనుకున్నాడు.

మొదటి పరీక్షలో నెలసరి పోయింది. రెండో విడతలో ఒళ్లు పోయింది.

"వద్దనడం నేర్పితే రేపు మనకే వద్దంటారండీ," అని అధ్యక్షులవారు ముందుచూపుతో సెలవిచ్చారు. అదీ పోయింది.

"ఇంక మిగిలిందేముందండీ?" అంది డాక్టరమ్మ.

"సంగీతం బాగుందమ్మా."

చివరికి మిగిలిన ప్రకటనలో ఒక జింక నీళ్లు తాగింది. 'సందేహాలుంటే పెద్దలను అడగండి' అంది గొంతు. ఏ వేలూ కదల్లేదు. ఒక్క ఫిర్యాదూ రానందుకు, ప్రసారం కాకముందే ఉత్తమ ప్రచారంగా బహుమతి ప్రకటించారు.

ఆ సాయంత్రం వార్తలాయన ఇంట్లో టీవీలోకి జింక వచ్చింది.

"నాన్నా, నీ గొంతే. దేని గురించిది?"

"జింకల గురించమ్మా," అంటూ రిమోట్ కోసం తడుముకున్నాడు. అది కూతురి చేతిలో ఉంది. ఆమె టీవీని మ్యూట్ చేసింది.

"పెద్దలను అడగమన్నావుగా. అడుగుతున్నా."

జింక తాగడం చూసి అతనూ కాసిని మంచినీళ్లు తాగాడు. తర్వాత డాక్టరమ్మ రాసిందంతా, కత్తిరించిన మాటలతో సహా, చెప్పడం మొదలుపెట్టాడు. వార్తల్లో ఎన్నడూ తడబడని గొంతు అడుగడుగునా తడబడింది. ఆ పిల్ల మాత్రం గోడవైపు తిరగలేదు.

ఏ మాటలతో చెప్పాడో ఇక్కడ రాద్దామనే ఉంది. కానీ ఇది మీ పిల్లల చేతిలో పడుతుందేమోనని ముందు మీరే పేజీ తిప్పేస్తారు. ఎందుకైనా మంచిదని ఈ కథను కూడా కమిటీకి పంపాం.

జింక బాగుందన్నారు.