తనంతట తానే ఆగే కారు

పది గంటలకు ఆసుపత్రి సూపరింటెండెంటు మేడం గారు వస్తారు. ఈలోగా కొత్త కారును ఒక్కసారి పరీక్షించి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఏమీ ఎరగనట్టు గేటు దగ్గర నిలబడాలి. డ్రైవింగ్ మాస్టారు ఆ ఉదయం వేసుకున్న పథకం ఇంతే. ఇందులో చిక్కు పడటానికి ఏముందని ఎవరైనా అనుకుంటారు. మాస్టారూ అలాగే అనుకున్నారు.

ఊళ్ళో స్టీరింగు పట్టినవాళ్ళలో సగం మంది ఆయన దగ్గర తిట్లు తిన్నవాళ్ళే. "బ్రేక్!" అని ఆయన ఒక్క కేక వేస్తే, నేర్చుకునే మనిషే కాదు, పక్క రోడ్డులో పోయే ఆటో కూడా ఆగేది. అలాంటి మాస్టారికి పోటీగా రోడ్డుకు అవతల కొత్త డ్రైవింగ్ స్కూలు వెలిసింది. అందులో చల్లటి గది, గోడంత తెర, ఆ తెర మీద ఉత్తుత్తి రోడ్డు. అక్కడ ఎవరూ ఎవర్నీ తిట్టరట. వచ్చేవాళ్ళంతా అటు మళ్ళారు. ఇప్పుడు ఆసుపత్రి వాళ్ళు తమ సిబ్బందికి డ్రైవింగ్ నేర్పించాలనుకుంటున్నారు. సూపరింటెండెంటు గారు రెండు స్కూళ్ళూ చూసి ఏదో ఒకటి తేలుస్తారు. ఈ బేరం కూడా అవతలికి పోతే మాస్టారు స్కూలుకు తాళం వేసి, ఆ చల్లటి గదిలో చేరి తెర తుడుచుకోవలసిందే.

అందుకే ఆయన పాత కార్లు రెండూ అమ్మేసి ఈ కొత్త కారు కొన్నారు. ఎదురుగా ఏదైనా అడ్డొస్తే అదే కనిపెట్టి, అదే బ్రేకు వేసుకుంటుందని అమ్మినతను చెప్పాడు. ఆ మాట పట్టుకుని మాస్టారు గేటు మీద బోర్డు రాయించేశారు: 'మా కారు తనంతట తానే ఆగును. భయం వలదు.'

బోర్డు చదివి ఆయన భార్య అడిగింది. "కారే ఆగితే ఇంక మీరెందుకండీ?"

మాస్టారు "రంగు ఇంకా తడిగా ఉంది, దూరంగా ఉండు" అన్నారు. ఆ ప్రశ్న మాత్రం రాత్రంతా ఆయన్ని పడుకోనివ్వలేదు.

స్కూలు వెనక ప్రహరీ గోడల మధ్య నేర్చుకునేవాళ్ళు తిరిగే ఖాళీ స్థలం ఉంది. మలుపులకు గుర్తుగా అక్కడక్కడా ఖాళీ డ్రమ్ములు నిలబెట్టి ఉంటాయి. మాస్టారు పాత పరుపొకటి చుట్టి, తాడుతో బిగించి, దానికి తన రెయిన్‌కోటు తొడిగి, పైన హెల్మెట్ బోర్లించి, స్థలం మధ్యలో నిలబెట్టారు. దూరం నుంచి చూస్తే బస్సు కోసం చూసి చూసి విసుగెత్తిన పెద్దమనిషిలా ఉంది. మాస్టారు కారెక్కి, గట్టిగా ఊపిరి పీల్చుకుని, దాని మీదికి నడిపారు. కారు జానెడు దూరంలో ఠక్కున ఆగింది.

"ఆగింది! చూశావా? ఆగింది!"

"చూశాను" అంది భార్య, కిటికీలోంచి లోపలికి వంగి. "మీ కాలెక్కడుందో మీరు చూశారా?"

మాస్టారు కిందికి చూసుకున్నారు. కాలు బ్రేకు మీదుంది. అంతా తొక్కేసి ఉంది. ఎప్పుడు వెళ్ళిందో ఆయనకు తెలీదు.

ఇది కొత్త జబ్బేం కాదు. ఇంట్లో టీవీలో కారు మలుపు తిరిగితే కుర్చీలో కూర్చున్న మాస్టారి కాలు నేలను తొక్కుతుంది. నిద్రలో కూడా తొక్కుతుంది. మంచానికి అడ్డుపట్టీ ఒకటి అలాగే విరిగింది. కానీ ఈసారి ఆయన కాలికి లొంగదలచుకోలేదు. కుడికాలు సీటు మీద మడిచి పెట్టుకుని, కారును దానంతట దాన్ని పాకనిచ్చారు. పరుపు దగ్గరికి రాగానే కారు ఆగింది. భార్య వంగి చూసి ఎడమకాలి వైపు వేలు చూపించింది.

"ఇంక నేను నడిపితే లాభం లేదు" అన్నారు మాస్టారు ముఖం తుడుచుకుంటూ. "బ్రేకు తొక్కాలన్న ఆలోచనే రాని మనిషి కావాలి."

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొచ్చాడు. కాస్త ఇబ్బందిగా మొహం పెట్టి, ఆమె తమ్ముణ్ణి పిలుచుకురావడానికి వెళ్ళింది.

మాస్టారి బావమరిది నాలుగేళ్ళుగా ఆయన దగ్గరే డ్రైవింగ్ నేర్చుకుంటున్నాడు. మంచివాడు, వినయవంతుడు. కానీ ఎదురుగా ఏదైనా అడ్డొస్తే కళ్ళు గట్టిగా మూసుకుంటాడు. లైసెన్సు పరీక్ష పెట్టే అధికారి అతన్ని చూడగానే సెలవు పెట్టేవాడు. మాస్టారు ఇంతమందికి నేర్పి కూడా సొంత బావమరిదికి నేర్పలేకపోయారని అవతలి స్కూలువాళ్ళు చెప్పుకుని నవ్వుకునేవారు. ఆ మాట మాస్టారికి ముల్లులా గుచ్చుకునేది.

"నేనా బావా? నిజంగా నేనేనా? మీకు నామీద అంత నమ్మకం ఉందా?" అన్నాడు బావమరిది కళ్ళనీళ్ళు పెట్టుకుని.

"ఉంది. నువ్వు తొక్కవని పూర్తి నమ్మకం ఉంది. ఎక్కు."

మాస్టారు పక్క సీట్లో కూర్చున్నారు. కారు కదిలింది. పరుపు దగ్గరికి వచ్చింది. ఆగింది. బావమరిది ఆనందంతో ఎగిరి గంతేయబోయి నెత్తి కొట్టుకున్నాడు. బయటి నుంచి భార్య నిట్టూర్చింది. అది డ్రైవింగ్ నేర్పే కారు. పక్క సీటు కింద మాస్టారికి కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఉంటే ఆయన కాలు ఊరుకుంటుందా?

"అక్కా, తాడు తే" అన్నాడు బావమరిది. జన్మలో మొదటిసారి అతనికి ఒక ఆలోచన వచ్చింది.

తొమ్మిదిన్నర దాటింది. ఇస్త్రీ చొక్కా లోపల అలాగే ఉంది. బండ్లు లాగడానికి వాడే తాడుతో భార్య మాస్టారి కాళ్ళు రెండూ కలిపి కట్టేసింది. ముడి మీద ముడి వేసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ కాళ్ళు కాసేపైనా కుదురుగా ఉండటం చూస్తున్నందుకు ఆమెకు లోలోపల సంతోషంగానే ఉంది.

కారు మళ్ళీ బయల్దేరింది. మాస్టారి కాళ్ళు కొట్టుకున్నాయి. తాడు గట్టిది, కదలనివ్వలేదు. పరుపు పెద్దమనిషి దగ్గరికొచ్చాడు, ఇంకా దగ్గరికొచ్చాడు. కాళ్ళు కట్టేశారు గానీ నోరు కట్టేయాలని ఎవరికీ తోచలేదు.

"బ్రేక్!" అని మాస్టారు వేసిన కేకకు బావమరిది హడలిపోయి, కళ్ళు మూసుకుని, స్టీరింగు ఎటో తిప్పేశాడు. కారు పరుపును తప్పించుకుని పక్కనున్న డ్రమ్మును రాసుకుంటూ పోయింది. డ్రమ్ము ఒరిగి వెళ్ళి పరుపు మీద పడింది. పరుపు బోర్లా పడింది. మాస్టారు చెయ్యి చాచి ఇంజిను ఆపేస్తే కారు నిలిచింది. హెల్మెట్ దొర్లుకుంటూ గోడదాకా పోయింది.

సరిగ్గా అప్పుడే పక్కింటి మేడ మీద ఒక ముసలావిడ మొక్కలకు నీళ్ళు పోస్తోంది. ఆవిడ చూపు ఎప్పుడూ అంతంత మాత్రమే. దానికి తోడు ఆ పూట కళ్ళజోడు పెట్టుకోలేదు. కింద ఆవిడకు కనిపించింది ఇదీ: రెయిన్‌కోటు వేసుకున్న మనిషొకడు డ్రమ్ము కింద నలిగి పడున్నాడు, వాడి తల విడిగా దొర్లిపోతోంది. ఇంకో మనిషిని కాళ్ళు కట్టేసి కారులోంచి ఒక ఆడమనిషి బయటికి లాగుతోంది. ఆవిడ నీళ్ళ చెంబు అక్కడే పడేసి లోపలికి పరుగెత్తి ఆసుపత్రికి ఫోను చేసింది.

"డ్రైవింగ్ స్కూల్లో ఒకడు అయిపోయాడమ్మా! రెండోవాణ్ణి ఇప్పుడు మొదలెట్టారు! తొందరగా రండి!"

ఆసుపత్రిలో అప్పుడే సూపరింటెండెంటు గారు చేతిసంచీ తీసుకుని డ్రైవింగ్ స్కూలుకు బయల్దేరుతున్నారు. ఎలాగూ అక్కడికే కదా అని అంబులెన్సు ఎక్కి ముందు సీట్లో కూర్చున్నారు.

ఇక్కడ మాస్టారు ముడులతో కుస్తీ పడుతున్నారు. భార్య వేసిన ముడులు విప్పడం భార్యకే రావడం లేదు. అంతలో దూరంగా సైరను మోగింది. ఆ మోత దగ్గరపడి, దగ్గరపడి, సరిగ్గా వాళ్ళ గేటు ముందుకే వచ్చి ఆగింది. వెనకాలే జనం. ఆ జనంలో ముందు వరసలో అవతలి స్కూలు యజమాని, మొహం నిండా విచారం పులుముకుని.

"కొంప మునిగింది" అన్నారు మాస్టారు. "ఒరేయ్, ఆ కారు తీసి పక్కన పెట్టరా! ముందు దాన్ని కనపడకుండా చెయ్యి!"

బావమరిదికి ఒక పని చెబితే ఇంకేమీ వినిపించదు. గబగబా కారెక్కాడు. అదే సమయానికి సూపరింటెండెంటు గారు గేటు తోసుకుని, డ్రమ్ము కిందున్న మనిషిని కాపాడటానికి తిన్నగా స్థలం మధ్యలోకి నడిచారు. కారు ఆవిడ వైపే వస్తోంది. మాస్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి. బేరం గుర్తు రాలేదు, బోర్డు గుర్తు రాలేదు. కట్టేసిన కాళ్ళతో కప్పలా గెంతుకుంటూ వెళ్ళి ఆవిడకూ కారుకూ మధ్య నిలబడి రెండు చేతులూ చాచారు. కేక వేద్దామని నోరు తెరిచారు. గాలి తప్ప ఏమీ రాలేదు.

కారులోంచి 'కీచు కీచు' మని ఏదో మోగింది. టైర్లు నేలను గీరాయి. కారు ఆయన మోకాళ్ళ ముందు బెత్తెడు దూరంలో ఆగిపోయింది.

అందరికంటే ముందు తేరుకున్నది మాస్టారే.

"చూశారా మేడం?" అన్నారు. "మా కారు! తనంతట తానే ఆగింది! పరీక్ష కోసమే ఇదంతా ఏర్పాటు చేశాం!"

సూపరింటెండెంటు గారు డ్రమ్ము కింద నుంచి బయటికొచ్చిన పరుపు దూదిని, మాస్టారి కాళ్ళకున్న తాడును మార్చి మార్చి చూశారు. ఇంతలో కారు తలుపు తెరుచుకుని బావమరిది దిగాడు. ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు.

"లేదు బావా! నేనే! నేనే తొక్కాను!"

"నోర్ముయ్" అన్నారు మాస్టారు పళ్ళ మధ్య నుంచి.

"ఒట్టు బావా! లోపల ఏదో కీచుమని అరిచింది. మీరే అరిచారనుకున్నా. కాలు దానంతట అదే వెళ్ళిపోయింది. కళ్ళు కూడా మూసుకోలేదు, తెలుసా! అక్కా, నేను కళ్ళు మూసుకోలేదే!"

భార్య వెళ్ళి కారులోకి తొంగి చూసి వచ్చింది. "నిజమేనండీ. కాలి గుర్తు బ్రేకు మీద పడింది. చెప్పుకు మట్టి ఉందిగా" అంది మెల్లగా.

మాస్టారి భుజాలు కిందికి జారాయి. అవతలి స్కూలు యజమాని మొహంలో విచారం పోయి వెలుగొచ్చింది. బోర్డు అబద్ధమైంది, బేరం పోయింది, తెర తుడవడానికి గుడ్డ వెతుక్కోవాలి. మాస్టారు ఒక్కసారిగా ముసలివాడైపోయినట్టు డ్రమ్ము మీద కూలబడి, "క్షమించండి మేడం" అన్నారు. "కారు ఆగుతుందో లేదో నాకే తెలీదు. పొద్దున్నుంచీ చూస్తున్నాం. మా కాళ్ళు ఊరుకోవడం లేదు."

సూపరింటెండెంటు గారు బావమరిది వైపు తిరిగారు. "లైసెన్సు పరీక్షకు వెళ్ళినప్పుడల్లా ఏదో ఒకటి గుద్ది మా ఆసుపత్రికి కట్టు కట్టించుకోవడానికి వచ్చేది నువ్వేనా?"

"నేనేనండీ" అన్నాడు గర్వంగా.

"నీకెవరు నేర్పారు?"

"మా బావేనండీ. ఎక్కడ ఏది అరిచినా నాకు ఆయనే అరిచినట్టుంటుంది."

ఆవిడ మాస్టారి ఎదురుగా వచ్చి నిలబడ్డారు. "మాస్టారూ, మావాళ్ళు నడపబోయేది మా పాత అంబులెన్సులు. అవి తమంతట తాము ఆగేది నడిరోడ్డు మీద చెడిపోయినప్పుడే. నాకు ఆగే కారు అక్కర్లేదు. ఇతని కాలు కూడా దానంతట అదే బ్రేకు మీదికి వెళ్ళేలా చేసినవారు కావాలి. సోమవారం నుంచి పంపిస్తాను. తిట్లు మాత్రం తగ్గించకండి."

మాస్టారు కళ్ళు తుడుచుకున్నారు. లేచి నమస్కారం పెట్టబోయి, కాళ్ళు కట్టేసి ఉన్న సంగతి మరిచిపోయి ముందుకు పడితే, భార్యా బావమరిదీ చెరో వైపునా పట్టుకున్నారు. సూపరింటెండెంటు గారు చేతిసంచీలోంచి కత్తెర తీసి తాడు కోసి పెట్టారు. అంబులెన్సు ఖాళీగా పోవడం ఇష్టంలేక, మేడ మీది ముసలావిణ్ణి కళ్ళ పరీక్షకు ఎక్కించుకుని తీసుకెళ్ళారు.

ఆ నెలలోనే బావమరిదికి లైసెన్సు వచ్చింది. కొత్త కారు తనంతట తాను ఆగుతుందో లేదో మాత్రం ఇప్పటికీ తేలలేదు. తేల్చి చెప్పగలిగినంత చేతకాని డ్రైవరు ఆ స్కూల్లో ఇప్పుడెవరూ లేరు.