పడితేనే పట్టుకుంటాం

పిల్లలు బడి మానేయాలి. మానేస్తేనే వాళ్లకు చదువు అబ్బుతుంది.

కంగారు పడకండి. నేను పూర్తి స్పృహలో ఉండే రాస్తున్నాను. మా మేనకోడలు చదివే హైస్కూలు ఈ సత్యాన్ని కనిపెట్టి చాలాకాలమైంది. దాన్ని నలుగురికీ చెప్పే భాగ్యం మాత్రం నాకు దక్కింది.

ఆ హైస్కూల్లో ‘మలి అడుగు’ అని ఒక ప్రోగ్రామ్ ఉంది. చదువు మధ్యలో మానేసేలా ఉన్న పిల్లల కోసం పెట్టారు. వెనకవైపు పాత సైన్స్ ల్యాబును శుభ్రం చేసి, గోడలకు పసుపు రంగు వేసి, అందులో నడుపుతున్నారు. అక్కడ తరగతులు కాస్త పొద్దెక్కాక మొదలవుతాయి. పిల్లలు తక్కువమంది. అర్థం కాకపోతే లెక్కల మాస్టారు రెండోసారి చెబుతారు, మూడోసారి కూడా చెబుతారు. ఎవరైనా రాకపోతే ఇంటికి ఫోన్ చేసి ఎందుకు రాలేదని అడుగుతారు.

చూశారా ఎంత విలాసమో! ఇలాంటివి అందరు పిల్లలకూ ఇస్తే ఇంకేమైనా ఉందా? అలవాటు పడిపోరూ? అందుకే ఒక నియమం పెట్టారు. ముందు పిల్ల పాడవాలి, తర్వాతే బాగుచేస్తారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమని మన పెద్దలు అన్నారు. పెద్దలకేం తెలుసండీ? కాలకముందే ఆకులు పంచిపెడితే ఆకులకు విలువేముంటుంది?

ఇక మా ఇంటి సంగతికి వస్తాను. మా అక్క ఆసుపత్రి లాండ్రీలో నైట్ డ్యూటీ చేస్తుంది. ఊళ్లోని రోగులందరి దుప్పట్లూ ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి, పొద్దున్నే బస్సెక్కుతుంది. బావ లారీ మీద ఎక్కడో ఉంటాడు. అక్క వచ్చేదాకా రెండేళ్ల తమ్ముణ్ణి చూసుకునేది మా మేనకోడలే. సన్నగా, చురుగ్గా ఉంటుందని మేమంతా దాన్ని పిట్ట అంటాం.

మేనమామవు, నువ్వు చూసుకోవచ్చుగా అంటారేమో. నేను ఊరికి ఆ చివరన ఉంటాను. పైగా నన్ను చూస్తే వాడు గుక్కపట్టి ఏడుస్తాడు.

అక్క గుమ్మంలో అడుగుపెట్టగానే పిట్ట తమ్ముణ్ణి చేతికిచ్చి, బ్యాగు తగిలించుకుని పరుగు. అది స్కూలు చేరేసరికి బెల్లు అయిపోతుంది. గేటుకు తాళం పడుతుంది. ఆ వాచ్‌మన్ నియమం తప్పని మనిషి. బ్యాగుతో గేటు ముందు నిలబడి రొప్పుతున్న పిల్ల ఆబ్సెంట్. చివరి బెంచీలో గుర్రుపెట్టి నిద్రపోతున్న పిల్లాడు ప్రెజెంట్. ఇందులో తప్పేముంది? స్కూలుకు కావలసింది శరీరాలు, ఆయాసాలు కాదు కదా.

అక్క నన్ను వెంటబెట్టుకుని కౌన్సెలర్ మేడమ్ దగ్గరికి వెళ్లింది. పేపర్లో రాసేవాడి మాటకు విలువ ఉంటుందని పాపం దాని నమ్మకం. పొద్దెక్కి మొదలయ్యే తరగతిలో పిట్టను చేర్చుకోమని అడిగాం. మేడమ్ మంచి మనిషి. మంచినీళ్లు ఇచ్చి, అంతా ఓపిగ్గా విన్నారు.

“పాప బాగానే చదువుతోంది కదండీ. ఇప్పుడే తీసుకోలేం.”

“మరి ఎప్పుడు తీసుకుంటారండీ?” అంది అక్క.

“ఇంకాస్త వెనకబడనివ్వండి.”

నాకైతే చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. ఈ పద్ధతి ఒక్క స్కూలుకే పరిమితం కావడం దేశానికి నష్టం. ఫైరింజన్ వాళ్లు కూడా వచ్చి, “పొగే కదా, ఇంకాస్త అంటుకోనివ్వండి” అని బీడీ ముట్టించుకుని కూర్చోవాలి. ఏట్లో మునుగుతున్నవాణ్ణి ఒడ్డునున్న ఈతగాడు, “నీళ్లు ముక్కుదాకా వచ్చాయా, గొంతుదాకానేనా?” అని అడిగి తెలుసుకోవాలి. గొంతుదాకానే అయితే మళ్లీ రమ్మనాలి.

పిట్ట మాట వినే పిల్ల. వెనకబడమన్నారు కాబట్టి వెనకబడటం మొదలుపెట్టింది. మీరు అనుకున్నంత తేలిక కాదది. అలవాటు లేని పని. స్కూలు మానేసి ఇంట్లో ఉన్నా, తమ్ముడు పడుకోగానే పుస్తకం తీసేది. అక్క లాక్కుని బియ్యం డబ్బా వెనక దాచేది. “చదవకే తల్లీ. చదివితే చదువుకోనివ్వరు” అని మా అక్క కూతుర్ని బతిమాలడం నేను చెవులారా విన్నాను. పరీక్షల్లో ఆ పిల్ల ప్రతి లెక్కా ముందు సరిగ్గా చేసి, తర్వాత కొట్టేసి వచ్చింది. తప్పు చేయడం దానికి చేతకాలేదు మరి.

కష్టం ఊరికే పోలేదు. పిట్ట బడి మానేసేలా ఉందని అందరూ ఒప్పుకున్నారు. పసుపు గోడల గదిలో చోటు దొరికింది.

ఆ గదిలో అది ఎలా చదివిందో చెబితే దిష్టి తగులుతుంది. ఒకరోజు జ్వరమొచ్చి వెళ్లలేదు. లెక్కల మాస్టారు ఫోన్ చేసి, “అమ్మాయి రాలేదేంటమ్మా, ఒంట్లో బాగుందా?” అని అడిగారు. ఫోన్ పెట్టేసి అక్క ఏడ్చింది. ఇన్నేళ్లలో పిట్ట ఎందుకు రాలేదని అడిగిన మొదటి మనిషి ఆయనే. నేనూ ఏడ్చేవాణ్ణే. అయితే నేను వ్యంగ్యం రాసేవాణ్ణి కాబట్టి దగ్గి సర్దుకున్నాను.

పిల్ల రోజూ వెళ్తోంది, మార్కులు తెచ్చుకుంటోంది. ఇక్కడే ప్రమాదం ముంచుకొచ్చింది. హెడ్మాస్టరు గారు సభ పెట్టి, “ఈ పాప ఇక గట్టెక్కింది” అని ప్రకటించారు. చప్పట్లు కొట్టారు. ఫోటో తీసి, కింద ‘చదువులోకి తిరిగొచ్చిన ఆణిముత్యం’ అని రాయించి, గేటు లోపల అందరికీ కనపడేలా పెట్టించారు. గట్టెక్కిన పిల్లకు పసుపు గోడలెందుకు? సోమవారం నుంచి పాత తరగతికే వెళ్లమన్నారు.

జ్వరం తగ్గగానే మందు ఆపి, రోగిని మళ్లీ వానలో నిలబెట్టడం వైద్యంలో కొత్త పద్ధతి కాబోలు.

సోమవారం అక్క గుమ్మంలోకి రాగానే పిట్ట తమ్ముణ్ణి చేతికిచ్చి పరుగెత్తింది. గేటుకు తాళం. ఊచల్లోంచి చూస్తే లోపల తన ఫోటో నవ్వుతోంది.

వాచ్‌మన్ ఫోటోనూ పిల్లనూ మార్చి మార్చి చూశాడట. “నువ్వే కదూ అది?”

“అవునంకుల్.”

“బాగా పడ్డావు” అన్నాడు. తాళం మాత్రం తీయలేదు.

అక్క మళ్లీ కౌన్సెలర్ మేడమ్ దగ్గరికి వెళ్లింది. మళ్లీ మంచినీళ్లు ఇచ్చారు. “పాప మళ్లీ వెనకబడితే తప్పకుండా తీసుకుంటామండీ” అని ధైర్యం చెప్పి పంపారు. పెద్ద పరీక్షలు దగ్గరపడుతున్నాయి. హాజరు చాలకపోతే రాయనివ్వరు.

“మామయ్యా, ఈసారి ఎంత వెనకబడాలి?” అని పిట్ట నన్నడిగింది. లోకంలోని ప్రతి విషయం మీదా అభిప్రాయం ఉన్న నేను మాట మార్చడానికి వాళ్ల తమ్ముణ్ణి ఎత్తుకుని ఏడిపించాను.

పెద్దలు ఏమీ అనుకోకపోతే ఒక చిన్న మనవి. ప్రోగ్రామ్ ఉండనివ్వండి, పసుపు గోడలూ ఫోటోలూ ఉండనివ్వండి. ఆ గేటు మాత్రం ఆలస్యంగా వచ్చిన పిల్లకు కూడా తెరవండి. కొత్తగా చేయించాల్సిందేమీ లేదు. తాళంచెవి వాచ్‌మన్ జేబులోనే ఉంది.

తొందరేం లేదు లెండి, నిదానంగా ఆలోచించండి. నిన్న పొద్దున అక్కావాళ్లింటికి వెళ్లాను. పిట్ట తమ్ముణ్ణి అక్క చేతికిచ్చింది, బ్యాగు తగిలించుకుంది, మెల్లగా నడిచి వెళ్లింది. “పరుగెత్తవేమే?” అన్నాను. “ఎందుకు మామయ్యా?” అంది.

కౌన్సెలర్ మేడమ్‌కు శుభవార్త. మా పిల్ల ఈసారి నిజంగానే వెనకబడుతోంది.